చేటెడు తవుడుకు వచ్చిన పేరు

మా నాయన పేరు ఆల్బర్ట్. నుదుట తిరునామం దిద్దుకున్న మనిషి ఆ పేరు చెబితే, ఇప్పటికీ బ్యాంకులో గుమస్తా రెండోసారి తలెత్తి చూస్తాడు.

నాయనకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. అప్పట్లో మావాళ్ళు పెరంబూరు రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళు. మా అవ్వ మూడోవాణ్ణి చేటలో పడుకోబెట్టి, పక్కింటి ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు భార్యకు చేటెడు తవుడుకు అమ్మేసింది. అమ్మిన బిడ్డ జోలికి యముడు రాడని నమ్మకం. కొన్నావిడే పేరు పెట్టాలి. పెట్టింది.

ఈ ఏడు నా కూతురికి ఎనిమిదో నెలలోనే కొడుకు పుట్టాడు. ఇరవై రోజులు ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉన్నాడు. ఇంటికొచ్చాక, బారసాలలో ముత్తాత పేరే పెట్టాలని నేను పట్టుబట్టాను. కూతురు మూతి ముడిచింది. నేనూరుకుంటానా? ఫోన్లో అర్థం వెతికాను. పాత జర్మన్ భాషలో మొదటి ముక్కకు గొప్ప వంశమని, రెండో ముక్కకు వెలుగని అర్థమట. అంటే మన కులదీపకుడే! ఆ ముక్క పట్టుకుని నాయన దగ్గరికి పరిగెత్తాను.

నాయన సంతోషపడలేదు.

“కులదీపకుడా? బాగుందిలే. నాకు తెలిసిన అర్థం చెప్తా, ఈడ కూచో. నన్నెవరు ముద్దుజేసినా మాయమ్మ ఏమనేదో తెల్సునా? ‘వాడు నా బిడ్డ కాదు, ఆ దొరసానమ్మ బిడ్డ’ అనేది. యముడు వింటాడని భయం. నాకు పెండ్లయినా మాన్లేదు. పోయేటప్పుడు గూడా ‘నా కొడకా’ అనలేదమ్మా. ఆ పేరు పిలిచే పోయింది.”

నేను ఫోను పక్కన పెట్టేశాను.

“నీ మనవడు ఇంటికొచ్చినాడు, పాలు తాగతా ఉండాడు. వాడికెందుకు ఆ పేరు? భయం నీది.”

నిజమే. రోజుకు పదిసార్లు వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటున్నాను. ఆ సంగతి చెప్పుకోలేక, ముత్తాతకు మర్యాద అంటూ ఇంటిల్లిపాదితో తగువు పెట్టుకున్నాను. సిగ్గేసింది.

బారసాల రోజు పళ్ళెంలో పరిచిన బియ్యం మీద నా కూతురు తనకు నచ్చిన పేరే రాసింది. బిడ్డను నా ఒళ్ళో పెట్టారు. ఎదురింటావిడ వాడి బుగ్గ గిల్లి, “అబ్బ, ఎవురి బిడ్డమ్మా వీడు, ఇంత ముద్దుగా ఉండాడు!” అని ఆటపట్టించింది. నా వేలు వాడి ముక్కు దగ్గరికి పోబోయింది. నాయన నా వంకే చూస్తున్నాడు.

“నా మనవడు!” అన్నాను. యముడు వింటే విననీ.