చివరి ముక్క వచ్చేదాకా

నా చిన్నప్పుడు, మెట్‌పల్లి దగ్గరి మా ఊళ్లో, ఆకాశం నుంచి దూకడం కూడా ఒక ఉద్యోగమేనంటే నమ్మేవాళ్లు కాదు. మా చిన్నబాపు చేసేది ఆ ఉద్యోగమే. బాపుకు సొంత తమ్ముడు. నేతపని ఇంట్లో పుట్టి, మగ్గం మీద ఆడాల్సిన చేతులతో ఫిరంగి పట్టుకున్నాడు. అదీ మామూలు ఫిరంగి కాదు, విమానంలోంచి దిగే ఫిరంగి. హైదరాబాద్ రాజ్యం పోయి మేము ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కొత్తలు. ఆయన సెలవు మీద వచ్చాడంటే వాడకట్టంతా మా అరుగు మీదే ఉండేది. ఆయన ఎర్రటోపీ తలకు పెట్టుకుని మురవని పిల్ల లేదు. బాపమ్మ మాత్రం ఆ టోపీ కనబడితే మొహం తిప్పుకునేది. కన్నకొడుకు గాలిలో వేలాడటం ఆ తల్లికి మింగుడుపడలేదు.

వాళ్ల పటాలం తెల్లదొరల కాలంలో పుట్టిందట. మిగతా పటాలాలకు జెండా ఉంటే, వాళ్లకు ఫిరంగే జెండా. దసరాకు మేము మగ్గానికి పసుపు కుంకుమ పెట్టినట్టే వాళ్లు దానికి బొట్టు పెట్టి దండ వేసేవారు. ఫిరంగిని ముక్కలుగా విప్పి, ఒక్కో ముక్కకు పెద్ద గొడుగులాంటిది కట్టి విమానం నుంచి వదిలేవారు. వెనకే మనుషులూ దూకేవారు. కింద పడ్డాక ఎవరి ముక్క వాళ్లు వెతికి తెచ్చి బిగించాలి.

ఆయనకు ముందు తరం వాళ్ల కథ ఒకటి ఎన్నిసార్లు చెప్పించుకున్నామో! ఓసారి గొట్టం దొరికింది, చక్రాలు దొరికాయి. గురి చూసే అద్దం తన ఒంటిమీద కట్టుకుని దూకిన జవాను మాత్రం గాలికి కొట్టుకుపోయి ఎక్కడో పడ్డాడు. అద్దం లేకపోతే ఏం, కంటి అంచనాతో కాలుద్దామన్నారు కొందరు. ముసలి హవల్దారు ఒప్పుకోలేదు. ఆ జవాను కుంటుకుంటూ వచ్చేదాకా, అతను నిలబడే చోటు ఖాళీగా వదిలి, తక్కిన వాళ్లంతా ఫిరంగి చుట్టూ నిలబడే ఉన్నారట. ఇందులో మా చిన్నబాపు చేర్చిన ఉప్పూకారం ఎంతో నాకు తెలియదు.

ఒక శ్రావణంలో ఆయన ఇంట్లో ఉండగా వాన పట్టుకుంది. పొద్దున్నే డప్పు కొట్టి చెప్పారు, చెరువు కట్ట ఆగేటట్టు లేదు, నేతవాడ ఖాళీ చేయాలని. బాపు మగ్గం ముందు తల పట్టుకుని కూలబడ్డాడు. మాకు గుంటెడు భూమి లేదు. ఆ మగ్గం పోతే బాపు మమ్మల్ని వదిలి ఎక్కడో దూరాన భీవండి బట్టల మిల్లులకు పోవాల్సిందే. చిన్నబాపు మాత్రం చొక్కా చేతులు పైకి మడిచాడు.

"అన్నా, ఫికర్ జెయ్యకు. విప్పుదాం. ఎవల ముక్క వాళ్లకే. గుట్ట మీద తునికాకు గోదాంల కలుద్దాం."

పెద్ద చెక్కలు, దూలాలు అన్నదమ్ములిద్దరూ ఎత్తుకున్నారు. పడుగు దారం చుట్టిన కర్రను అవ్వ, అంటే మా అమ్మ, చంటిపిల్లలా పొదువుకుంది. తాళ్లు, చిల్లర సామాను బాపమ్మ మూట. నా చేతిలో చిన్నబాపు నాడెను పెట్టాడు. దారాన్ని ఇటునుంచి అటు మోసే జానెడు చెక్క. ఇంతేనా అని మూతి ముడిచాను.

"గిది తోపుకు గురి జూసే అద్దమసొంటిది బిడ్డా. నువ్వు తెచ్చేదాక మగ్గం మగ్గమే గాదు," అన్నాడు.

ఇక చూడాలి నా నడక! కానీ గుట్ట కింది గల్లీ మలుపులో ఎడ్లబండి ఇరుక్కుంది. మంచాలు, మేకలు, మనుషుల మధ్య నేను వెనకబడ్డాను. ఎవరిదో మోచెయ్యి తగిలి నాడె జారి బురదలో పడింది. వంగి దేవులాడాను. దొరకదు. నాడె పోతే మగ్గం పోయినట్టే, మగ్గం పోతే బాపు పోయినట్టే అని వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరో రమ్మని రెక్క పట్టి లాగితే విదిలించుకున్నాను. చివరికి నాడె కొసనున్న ఇనుప మొన వేలికి కసుక్కున గుచ్చుకుంది. ఏ నొప్పీ నన్ను మళ్లీ అంత సంతోషపెట్టలేదు.

గోదాంలో జనమంతా తెచ్చుకున్నది తింటున్నారు. మా వాళ్లు ఒక మూల తడిబట్టలతో నిలబడి ఉన్నారు. మగ్గం ముక్కలన్నీ వాటి వరుసలోనే నేల మీద పరిచి ఉన్నాయి. నడుమ జానెడు ఖాళీ. బాపమ్మ రొట్టెల మూట ముడి కూడా విప్పలేదు. నేను నాడెను ఆ ఖాళీలో పెట్టాను. చిన్నబాపు టోపీ సర్దుకుని, మడమలు కలిపి, నాకు సెల్యూట్ కొట్టాడు. టోపీకి బద్ధశత్రువైన బాపమ్మే ముందు నవ్వింది.

"మస్తయింది తియ్. ఇగ తినుండ్రి," అంది.

ఆ మాపటికే కట్ట తెగింది. మా ఇంటి గోడ ఒకటి కూలింది, మగ్గం దక్కింది. బాపు ఊళ్లోనే ఉన్నాడు. నీళ్లు తీశాక మగ్గం మళ్లీ బిగిస్తుంటే బాపమ్మ మూటలోంచి ఇంకో రెండు నాడెలు బయటపడ్డాయి. వాడి వాడి నున్నబడ్డ మంచి నాడెలు. నాకు కోపం, అవమానం. ఇవుండగా నన్నెందుకు ఏడిపించావని చిన్నబాపు మీదికి పోయాను. ఆయన తాడు బిగిస్తూ, తల కూడా తిప్పకుండా అన్నాడు.

"ఉన్నయి బిడ్డా. కని నీది రాలే గద."

నేను బురదలో దేవులాడుతున్నంతసేపూ ఆయన గోదాం మెట్ల మీంచి నన్నే చూస్తున్నాడని అవ్వ తర్వాత చెప్పింది. ఆమె దిగబోతే, కట్ట ఇంకా నిలిచే ఉంది, పిల్లను తేనియ్యమని ఆపాడట.

తర్వాత ఆయన యుద్ధానికి పోయి, ఒక చెవి వినికిడి అక్కడే వదిలి వచ్చాడు. మరమగ్గాలు వచ్చి మా మగ్గం చెక్కలు పశువుల కొట్టం పైకప్పులోకి పోయాయి. ఆయన లేడిప్పుడు.

నా మునిమనవరాలికి నాలుగేళ్లు. ముసలమ్మకు నీళ్లివ్వడం తన పనేనని పట్టు. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, సగం ఒలకబోసుకుంటూ, దారిలో పిల్లిని పలకరిస్తూ వస్తుంది. నాలుక పిడచగట్టుకుపోతున్నా కూర్చునే ఉంటాను. నీళ్ల చెంబు నా మంచం పక్కనే ఉంటుంది.