వేళ్ళున్న పాలపళ్ళు కావలెను

రాజోలులో పిల్లల పళ్ళ డాక్టరు క్రాంతికుమార్ గారికి ఒక పిచ్చి ఉంది. పాల దవడపళ్ళ వేళ్ళంటే ఆయనకి ప్రాణం. పైకి చింతగింజంత ఉండి ఏమీ ఎరగనట్టు కనిపించే పన్ను, చిగురు కింద పీతకాళ్ళలా వేళ్ళు చాపుకుని కూర్చుంటుందని, ఆ వేళ్ళలో నరం వెళ్ళే సన్నటి దారులు ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటాయని పెళ్ళి భోజనాల దగ్గర కూడా చెబుతారు. పక్కన కూర్చున్నవాళ్ళు పెరుగు రాకముందే లేచిపోతారు.

కోనసీమ పిల్లల పళ్ళలో ఆ దారులెన్నో తేల్చి వ్యాసం రాయాలని ఆయన కోరిక. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో లేచి, "పిల్లల పాలపళ్ళుంటే పారేయకుండా నాకివ్వండి" అన్నారు. వారం తిరిగేసరికి అగ్గిపెట్టెల్లో, కాగితప్పొట్లాల్లో పళ్ళు వచ్చిపడ్డాయి. ఒక్కదానికీ వేరు లేదు. కింద కొత్త పన్ను పైకొస్తున్నకొద్దీ పాలపన్ను వేళ్ళు కరిగిపోతాయి. అందుకే అది ఊడుతుంది. ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసిన మనిషే చెప్పడం మరిచిపోయారు.

"వేళ్ళడిగితే టోపీలు తెచ్చేరేంట్రా?" అని తల్లి దీనమ్మగారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు.

వేళ్ళతో సహా కావాలంటే పీకిన పన్నే దొరకాలి. ఆయన వృత్తేమో పీకకుండా కాపాడటం. ఎంత బాగా పనిచేస్తే వ్యాసం అంత వెనక్కి పోయేది.

అలాంటి రోజుల్లో సఖినేటిపల్లి నుంచి అప్పలమ్మ, బుగ్గ వాచిన మనవరాలు దుర్గాభవానిని తీసుకొచ్చింది. ఒకటో తరగతి పిల్ల.

"ఎలాగూ ఊడిపోయే పన్నే కదండీ. పీకేసి మీరే ఉంచేసుకోండి. దాచుకుంటారంట కదా!"

ఎక్స్‌రే చూసి డాక్టరుగారు కళ్ళప్పగించేశారు. కింది దవడలో చివరి పాలపన్ను. వేళ్ళు నిండుగా, వంపు తిరిగి, మధ్యలో కొత్త పన్ను మొలకని పొదువుకుని ఉన్నాయి. అంత అందమైన పన్ను ఆయన చేతికి ఎన్నడూ రాలేదు. కానీ అది బతికేలా ఉంది. అదీ వచ్చిన చిక్కు.

"పీకకూడదండి" అన్నారు చివరికి, నిట్టూర్చి. "ఇప్పుడు తీసేస్తే పక్క పన్ను జరిగొచ్చి కొత్తదానికి చోటుండదు. నరం తీసి మందు పెడతాను."

"ఆయ్. మరి మీ కోరికో?"

"పోనివ్వండి."

మత్తు ఇచ్చి, సన్నటి సూదులతో దారులు వెతికారు. ముందు వేరులో రెండు, వెనక వేరులో ఒకటి దొరికాయి. ఎందుకో మనసొప్పక ఇంకాస్త తడిమారు. "నాలుగు!" అని ఆయన వేసిన కేకకి దుర్గాభవాని ఉలిక్కిపడింది, అప్పలమ్మ కంగారుపడింది. అదేమిటో ఆవిడకి బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆవిడ చివరిదాకా విన్నది. అలా విన్న మొదటి మనిషి ఆవిడే.

మరోసారి వచ్చినప్పుడు ఆ పన్నుకి వెండిలా మెరిసే స్టీలు తొడుగు వేశారు. దుర్గాభవాని రేవులో కనిపించినవాళ్ళందరికీ నోరు తెరిచి చూపించింది. కొన్నాళ్ళకి ఆ ఊరి నుంచే ఒక పిల్లాడు తల్లిని లాక్కుంటూ వచ్చాడు. చూస్తే పళ్ళన్నీ శుభ్రంగా ఉన్నాయి.

"ఏమైందండీ వీడికి?" అన్నారు డాక్టరుగారు.

"ఏమీ అవలేదండి. ఈడికీ ఎండి పన్ను కావాలంట. అన్నం మానేసేడు."

"దానిదేముంది, వేసేద్దాం. ముందు చిగురుకి సూది పొడవాలి. పొడవనా?"

వాడు నోరు టక్కున మూసేసి, తల్లిని గుమ్మం వైపు లాగాడు.