బాత్రూం గుమ్మం దగ్గర చోటు

నిన్న బాబాయిగారి అమ్మాయి పెళ్ళికని ఏలూరు వెళ్ళి, ఎనిమిదిమందిమి ఒకే హోటల్ గదిలో దిగాం. తలుపు తియ్యగానే గుప్పుమంది ఫినాయిల్ వాసన. నా చిన్నప్పటి తాడేపల్లిగూడెం లాడ్జి గుర్తొచ్చింది.

చర్చి మీటింగులకి వెళ్ళినప్పుడల్లా అక్కడే దిగేవాళ్ళం. మంచాలు నాన్నగారికీ బాబాయిగారికీ. పిల్లలం తుంగచాప మీద. అమ్మకి మిగిలేది బాత్రూం గుమ్మం దగ్గర చోటు. మీ ఇళ్ళలోనూ అంతేగా? లేచిన ప్రతివాళ్ళూ అమ్మని దాటుకుంటూ వెళ్ళేవారు. తడికాళ్ళ నీళ్ళన్నీ ఆవిడ దుప్పటి మీదే.

"మీ అమ్మకి ఎక్కడైనా నిద్ర పట్టేస్తుంది" అనేవారు నాన్నగారు. పొద్దున్న ప్రార్థనలో అమ్మ కునికిపాట్లు పడితే కోప్పడేదీ ఆయనే!

నిన్న అన్నయ్య కూడా అంతే దర్జాగా అన్నాడు.

"మంచాల మీద మేం పడుకుంటాం. ఆడవాళ్ళు కింద సర్దుకోండమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇటు తిరిగి చూస్తే, డెబ్భై ఏళ్ళ అమ్మ అప్పటికే బాత్రూం గుమ్మం దగ్గర దుప్పటి పరిచేస్తోంది. ఎవరూ చెప్పకుండానే!

చెయ్యి పట్టుకుని లేపి, తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాను. ఆ దుప్పటి మాత్రం అక్కడినుంచి తియ్యలేదు.

"అన్నయ్యా, నీకు పక్క వేసే ఉంది. వెళ్ళి పడుకో" అన్నాను.