కేక వేసే ముందు

నూకాలమ్మత్త మా వీధి మొదట్లో కేక వేస్తే, అవతలి వీధిలో మసాలా నూరడం మొదలయ్యేది. తెలుగిళ్ల ముందు "సేపలమ్మో సేపలూ!" అనేది. బెంగాలీ ఇళ్ల ముందు "మాఛ్ దీదీ, మాఛ్!" అనేది. భీమిలి వైపు జాలరిపేటలో పుట్టి, పెళ్లయ్యాక ఖరగ్‌పూర్ వచ్చింది. వర్క్‌షాపులో రైల్వే ఖలాసీగా చేసే భర్త, ఆఖరి కొడుకు కడుపులో ఉండగా పోయాడు. వాడు పుట్టిన నెలకే ఆమె చేపల బుట్ట నెత్తికెత్తుకుంది. బెంగాలీలకు చెరువు చేప ఇష్టం, మనవాళ్లకు సముద్రపు చేప కావాలి. దీఘా తీరం నుంచి వచ్చే సరుకును గోల్‌బజార్‌లో ఏరి మా ట్రాఫిక్ కాలనీకి తెచ్చేది.

తొంభై ఒకటి వేసవిలో ఆ కేక ఆగిపోయింది. ఆమె రావడం మానలేదు గానీ గుమ్మం దగ్గర నిలబడి గొలుసు చప్పుడు చేసేది. పెరట్లో ఉన్నవాళ్లకు వినబడేది కాదు. ఇందా అనే పేట నుంచి సైకిల్ మీద గంట కొట్టుకుంటూ వచ్చేవాడి దగ్గరే అందరూ కొనేవారు. ఎండకు మెత్తబడిన చేపలు ఆమె వెంట ఇంటికి తిరిగి వెళ్లేవి.

"గొంతుకేటైంది నూకాలమ్మా?" అని మా అమ్మ అడిగింది.

అత్త అటూ ఇటూ చూసింది. ఎనిమిదితో చదువు మానేసి ఇంట్లో ఉంటున్న నేను వసారాలో బీరకాయలు తరుగుతున్నాను. నన్ను లెక్కలోకి తీసుకోలేదు.

"గొంతుకు బాగానే ఉన్నాదొదినా. కేకేస్తే కిందన తడిసిపోతంది. దగ్గినా అంతే, బుట్ట లేపినా అంతే. బుట్ట మానేస్తే కొడుకు ముందర సెయ్యి సాపాల. అది నా వల్ల కాదు."

అమ్మ ఆమెను లేడీ డాక్టరుకు చూపించింది. ఆపరేషన్ ఇప్పుడే అక్కర్లేదు, ముందు వ్యాయామం చేసి చూడమని ఆ డాక్టరు జ్ఞానరత్నం గారి దగ్గరికి పంపింది. ఆవిడ ఫిజియోథెరపీ చదివి, దూరాన ఆసుపత్రుల్లో పనిచేసి, రిటైరయ్యాక తన ఇంటి ముందుగదిలో ఆడవాళ్లకు నేర్పేవారు. అత్తకు తోడు నేను వెళ్లాను.

"వ్యాయామమా? నానేటి పైల్వాన్నా?" అంది అత్త.

జ్ఞానరత్నం గారు ఒక చీర తీసుకుని, ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకున్నారు.

"పిల్లల్ని పడుకోబెట్టే ఊయల గుడ్డ చూశావుగా. పొత్తికడుపు అడుగున అలాంటి కండే ఉంటుంది. ఉచ్చసంచినీ గర్భసంచినీ అదే మోస్తుంది. కాన్పులకు సాగిపోయింది. దాన్ని మళ్లీ బిగువు చెయ్యాలి."

నా చేతిలో వేలాడుతున్న చీరను చూస్తూ ఉండిపోయాను. అలాంటిది నాలోనూ ఉందా! ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదు.

"అదెక్కడుందో ఎలా తెలుస్తాదమ్మా?" అని అత్త అడిగింది.

"ఎదురుగా మీ మామగారు కూర్చున్నారు. నీకు గాలి వస్తోంది. ఏం చేస్తావు?"

"వదిలేస్తాను. మా మామ సెవిటోడు."

"మరి వాసన?"

"సుట్ట కాలుస్తాడు కదమ్మా."

నేను ఓణీ నోట్లో కుక్కుకున్నాను. జ్ఞానరత్నం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "సరే, చెవులున్న మామగారనుకో. గాలి రాకుండా ఆపుతావే, ఆ కండే. అలా బిగబట్టు. రోజూ చెయ్యి."

అత్త రోజూ చేసింది. నెల తిరిగేసరికి తడవడం ఎక్కువైంది.

"ఇంక నా వల్ల కాదమ్మా. బుట్ట ఎవులికైనా ఇచ్చెత్తాను," అని మళ్లీ వెళ్లినప్పుడు గుమ్మంలోనే చెప్పేసింది.

"ఇచ్చేద్దువులే. ఒక్కసారి నా ముందు చేసి చూపించు."

అత్త చాప మీద పడుకుంది. జ్ఞానరత్నం గారు ఆమె పొత్తికడుపు మీద అరచెయ్యి ఆనించారు. అత్త ఊపిరి బిగబట్టింది. మెడ నరాలు ఉబ్బాయి, మొహం ఎర్రబడింది.

"ఆగాగు! ఏం చేస్తున్నావు?"

"బిగబడతన్నాను. కాన్పప్పుడు మంత్రసాని బిగబట్టమంటే ఇలాగే కదమ్మా సేసినాను?"

"అయ్యో తల్లీ, నెల్లాళ్లుగా పిల్లల్ని కంటున్నావా! నా మాటదే తప్పు. కిందికి తొయ్యకూడదు. ఊపిరి మామూలుగా ఆడుతుండాలి. లోపలికి, పైకి తీసుకోవాలి."

అత్త కళ్లు మూసుకుని మళ్లీ ప్రయత్నించింది.

"వల లాగినట్టా?" అంది చివరికి. "ఒక్కసారే గుంజకుండా, మెల్లగా మీదకి?"

జ్ఞానరత్నం గారు చెయ్యి తియ్యకుండానే ఉన్నారు. కాసేపటికి ఆవిడ మొహం వెలిగింది. "అదే. అదే! ఇంక దగ్గే ముందు, బుట్ట లేపే ముందు, కేక వేసే ముందు వల లాగు. ఆ తర్వాతే మిగతా పని. బుట్ట మాత్రం సగమే నింపు."

ఆ వానాకాలమంతా నేను అత్తను గమనిస్తూనే ఉన్నాను. మా గుమ్మంలో కూర్చుని చేప పొలుసు తీస్తూ, అమ్మతో కోడలి మీద చాడీలు చెబుతూ, మధ్యలో నా వైపు తిరిగేది.

"ఇప్పుడు లాగినాను. కనిపించిందేటే గుంటా?"

"లేదత్తా."

"అదీ!" అనేది గొప్పగా.

నిజంగానే ఏమీ కనిపించేది కాదు. కత్తి ఆగదు, మాట తడబడదు, కనురెప్ప కూడా కదలదు. బరువులు ఎత్తేవాళ్లనూ తాడు మీద నడిచేవాళ్లనూ జనం గుమిగూడి చూస్తారు. ఈమె ఇంత మంది మధ్య, ఎవరూ పేరెత్తని చోట, కూలిపోయినదాన్ని తిరిగి నిలబెడుతోంది.

దుర్గాపూజ పందిళ్లు వేస్తున్న రోజుల్లో, ఒక ఉదయం ఆమె మా ఇంటి ముందుకు వచ్చి ఆగింది. నెత్తి మీద సగం బుట్ట. గొలుసు ముట్టుకోలేదు. నేను వసారాలోంచి లేచి నిలబడ్డాను.

ఆమె ఒక క్షణం ఊరికే నిలబడింది. ఆ క్షణంలో ఏం జరుగుతోందో నాకు తెలుసు.

"సేపలమ్మో!"

పాత కేకంత పొడుగు లేదు. ఆగింది. తన ఒంటిని తాను వింటున్నట్టు తల కాస్త వంచింది. మళ్లీ నిలబడి, మళ్లీ వేసింది. ఈసారి "సేపలూ" అన్న చివరి మాట వీధి దాటి పోయింది. ఎక్కడో తలుపు తెరుచుకుంది.

అమ్మ పళ్లెం పట్టుకుని పరుగున వచ్చింది. "పొద్దున్నే ఆ అరుపేటే? రొయ్యలున్నాయా?"

"ఉన్నాయొదినా," అంటూ అత్త బుట్ట దించడానికి నన్ను చెయ్యి వెయ్యమంది. నేను దగ్గరికి వెళ్లగానే చెవిలో చెప్పింది.

"పొడిగున్నానే."