దువ్వెన

ఆ రోజు సాలూరులో విజయనగరం బస్సెక్కాను. కిటికీ గాలికి జుట్టంతా రేగిపోయింది. జేబులోంచి దువ్వెన తీయబోతూ పక్కసీటులో మనిషిని చూశాను. నలభై ఏళ్లుంటాయి. కొత్తగా చేయించుకున్న గుండు. గోళ్ల సందుల్లో నల్లటి గ్రీజు ఇంకా వదల్లేదు.

"ఎవరు పోయారండీ?" అన్నాను.

"మా అయ్య. పోయి ఎనిమిది నెలలైనాది."

ఇన్ని నెలలకి గుండేమిటని నా మొహమే అడిగినట్టుంది. ఆయన గొంతు తగ్గించాడు.

"నాను పోలీసునండి. గంజాయి తోలే ముఠాలో లారీ క్లీనరుగా సేరినాను. అమ్మా అయ్యా లేరని ఆల్లకి సెప్పినాను. మరి గుండుతో కనబడితే ఎవుడు పోనాడ్రా అని అడగరేటి? పేనం తీసేస్తారు."

"మరి కర్మకాండ?"

"తమ్ముడు సేసినాడు. పదోరోజున నాను ఆల్లతోటే ఉన్నాను. నున్నగా తల దువ్వుకుని, ఆల్ల జోకులకి నవ్వినాను. మొన్న అందర్నీ పట్టేసినాం. నిన్న ఏటి ఒడ్డుకెల్లి గుండు సేయించీసినాను."

మా నాన్న పోయినప్పుడు పదిరోజులూ నేను మంచం దిగలేదు. ఈయన నవ్వాడు!

ఆయన గుండు మీద చెయ్యి వేసుకుని, ఎవరో పెద్దవాళ్లు నిమురుతున్నట్టు కళ్లు మూసుకున్నాడు. గజపతినగరంలో దిగిపోయాడు.

ఇంటి గుమ్మంలో నన్ను చూసి మా ఆవిడ, "ఏటండీ ఆ జుట్టు? దువ్వెన పారేసుకున్నారేటి?" అంది.

"లేదు, జేబులోనే ఉంది" అన్నాను.