దేవుడమ్మ మంగళవారపు కుండ

ఇనపగనుల ఊరు కిరండూల్ రైల్వే క్వార్టర్లలో నూకరాజు నోటికి ఎదురు లేదనుకునే రోజుల్లో, దేవుడమ్మ ఆ నోరు ఒక్క మాటతో మూయించింది. పక్క క్వార్టరు ఎర్రమ్మ బట్టలు ఆరెయ్యడం ఆపి మరీ చూసింది.

ప్రతి మంగళవారం పునీత అంతోనివారి పేరు చెప్పి దేవుడమ్మ తన వసారాలో చోడి అంబలి, అదే రాగిజావ, పోసేది. ఇనపరాళ్లు మోసే గోండు ఆడవాళ్లు పని దిగి వస్తూ తాగిపోయేవారు. వాళ్ల కాళ్ల ఎర్రదుమ్ముతో క్వార్టర్ల వరసంతా పాడవుతోంది, గేటు బయట పోసుకోమని అదే వరసలో ఉండే నూకరాజు ఒకరోజు గొడవకు లేచాడు.

"తమ్ముడూ, సెప్పులిప్పి నీ కాళ్లు ఓపాలి సూపించు" అంది దేవుడమ్మ.

చూపించాడు పాపం. చీలమండల దాకా ఎరుపే. కిరండూల్లో తెల్లకాళ్లవాడు ఇంకా పుట్టలేదు మరి. ఆడవాళ్లంతా నవ్వారు. నూకరాజు లోపలికి పోయి, ముసలమ్మలు కూర్చోడానికి తన బల్ల తెచ్చి వేశాడు.

ఎర్రమ్మకి దేవుడమ్మంటే ప్రాణమే గానీ, పొగడ్డం ఇంటావంటా లేదు. పైగా తను నూకాలమ్మను కొలిచే మనిషి. పటంలో మీ అంతోని సామి చంటి యేసునెత్తుకుని ఊరుకున్నాడు, చాకిరీ నీకు అంటగట్టాడని ఎకసెక్కమాడేది.

"ఆ బిడ్డని ఆయన ఇన్నాళ్లూ దించలేదు గదే, నాకు గరిట బరువేటి?" అనేది దేవుడమ్మ.

ఆమె వంటకి గడియారం లేదు. జపమాల చెప్పుకుంటూ గరిట తిప్పేది. మూడో పది పూసలకి పిండి చిక్కబడేది, ఐదో పదికి కుండ దించేది.

ఒక వానాకాలం ఆమెకు మలేరియా తగిలింది. నేనున్నానుగా అని ఎర్రమ్మ తన ఇంటి గడియారం పట్టుకొచ్చి, ముల్లు చూసి మరీ వండింది. అంతా ఉండలే. మంగ్లీ అనే ముసలామె ఒక ఉండ నమల్లేక, ఈ అంబలికి పళ్లు కావాలి, నాకు లేవని హిందీలో చెప్పింది. ఎర్రమ్మకి తల కొట్టేసినట్టయింది.

పై మంగళవారం గడియారం ఇంట్లోనే వదిలేసింది. తొమ్మిదేళ్లుగా గోడ అవతల నించి విన్న జపం నోట్లోనే ఉంది. రోగి నిద్రపోతోందనుకుని, గొంతు తగ్గించి మొదలెట్టింది. అంబలి వెన్నలా వచ్చింది.

"నాలుగో పదిలో ఒకటి తక్కువైందే" అంది మంచం మీంచి దేవుడమ్మ.

ఎర్రమ్మ ఆ ఒక్కటీ చెప్పేసింది.

ఆ ఏడే దేవుడమ్మ మొగుడు యేసుపాదానికి అరకు వైపు బదిలీ కాగితం వచ్చింది. వారంలో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. సామాన్ల బెంగ లేదు ఆమెకి. మంగళవారం ఆ ఆడవాళ్లు వస్తే గుమ్మం మూసి ఉంటుందే అన్నదే దిగులు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎర్రమ్మను అడుగుదామంటే నోరు రాదు, వేరే సామిని కొలిచే మనిషికి ఈ మొక్కు ఎలా అప్పగిస్తుంది?

చూసి చూసి ఎర్రమ్మే వచ్చి కుండ చంకనెత్తుకుంది.

"పట్టుకెల్పోతన్నానప్పా. మీ మతంలో కలవను, ముందే సెప్తన్నాను. మీ సామికీ నాకూ అంబలి వరకే."

దేవుడమ్మ నవ్వి, కళ్లొత్తుకుంది.

"అంబలి ఎవులైనా కాస్తారే. నానడిగేది ఇంకోటి. ఏ మంగళారమైనా ఒకామె రాలేదనుకో, జొరమో ఏటో. సెంబులో పోసుకుని ఆళ్ల ఊరు నువ్వే ఎళ్లాలి. ఎవుల్నీ పంపకు. ఎళ్లి, ఆమెకాడ కాసేపు కూకుని రా."