తాళాల మేస్త్రీ ఇంట పడిన కన్నం

బస్టాపు మూలన రేకుల బంకులో కూర్చుని నలభై ఏళ్లుగా తాళాలు బాగుచేస్తున్న ఆయన్ని ఆ వీధిలో అందరూ మేస్త్రీగారనే అంటారు. ఎదుటివాడి తాళం ఎంతటిదైనా తాను తీయగలడు, తన తాళం మాత్రం ఎవడూ తీయలేడు అని ఆయనకో గట్టి నమ్మకం. అందుకే రెండు గదుల ఇంటికి మూడు తాళాలు. బీరువాకొకటి, బీరువాలోని సొరుగుకింకొకటి. ఆ సొరుగు తాళంచెవి కట్టుకున్న పెళ్లానికి కూడా ఇవ్వలేదు. అందులో ఏముందని ఆవిడ అడిగితే, ఏమీ లేదన్న సంగతి దొంగకి తెలియకూడదు కదా అనేవాడు.

ఒక పొద్దున అప్పుల కంపెనీ మనుషులిద్దరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వాయిదాల మీద కొన్న మోటారుసైకిల్‌కి మూడు నెలలుగా డబ్బు కట్టలేదట. మేస్త్రీగారికి సైకిల్ తొక్కడమే రాదు. ఆ మాటే చెప్పాడు. వాళ్లు కాగితం చూపించారు. పేరు ఆయనదే, పుట్టినరోజు ఆయనదే, గుర్తింపు కార్డు నంబరూ ఆయనదే. ఫొటోలో మాత్రం నల్లటి ఒత్తు జుట్టుతో ఎవడో నవ్వుతున్నాడు. భార్య కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది.

"మన పెళ్లినాటికి కూడా మీకింత జుట్టు లేదండీ."

మర్నాడు బంకు మూసేసి కంపెనీ ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడే. కంప్యూటరు చూశాడు, మేస్త్రీగారిని చూశాడు, మళ్లీ కంప్యూటరే నయమనుకున్నాడు.

"మా రికార్డులో ఉన్న ఫొటోతో మీ ముఖం కలవడం లేదండి. మీరే ఆ మనిషని రుజువేమిటి?"

"నేను ఆ మనిషిని కాదనే కదయ్యా చెప్తున్నది!"

"కానప్పుడు ఆయన ఖాతా వివరాలు మీకు చెప్పకూడదండి. అది గోప్యం."

దొంగ గుట్టు కాపాడటంలో వాళ్లకున్న శ్రద్ధ తన బీరువా తాళానికి కూడా లేదనిపించింది మేస్త్రీగారికి. చివరికి గుమాస్తా జాలిపడి, గుర్తింపు కార్డు జిరాక్సులు అయిదు తెచ్చి, అన్నిటి మీదా సంతకం పెట్టి అక్కడి బల్ల మీద వదిలి వెళ్లమన్నాడు. బల్ల మీద అప్పటికే అలాంటివి బోలెడున్నాయి. ఫ్యానుగాలికి ఎగిరిపోకుండా పైన టీ గ్లాసు పెట్టారు.

ఇదివరకు ఇలాగే ఎక్కడో ఇచ్చిన జిరాక్సు కాపీలే కొంప ముంచాయేమోనని మొదట అనుమానం వచ్చింది భార్యకే. ఎక్కడెక్కడ ఇచ్చారో చెప్పమని కూర్చోబెట్టింది. ఫోన్ సిమ్ము కొన్నచోట ఒకటి, ఊరెళ్లినప్పుడు లాడ్జిలో ఒకటి. ఆ పైన నీళ్లు నమిలాడు. ఆవిడ వదల్లేదు. అప్పుడు బయటపడింది ఎగ్జిబిషన్ లక్కీ డ్రా సంగతి. ప్రెషర్ కుక్కర్ కోసం ఫారం నింపి, కార్డు కాపీ జతచేసి మరీ ఇచ్చాడు. వారం తిరక్కుండా ఫోనొచ్చింది. కుక్కర్ మీకే తగిలింది, మీ ఫోన్లోకి ఓ నంబరొస్తుంది చెప్పండి అంది తియ్యటి గొంతు. చెప్పేశాడు. వచ్చిన మెసేజిలో ఈ నంబరు ఎవరికీ చెప్పవద్దని రాసే ఉంది. అది వేరేవాళ్లకు అనుకున్నాడు.

"నాకు తాళంచెవి ఇవ్వడానికి చేతులు రాని మనిషి, ముక్కూ మొహం తెలియనివాడికి ఇల్లే ఇచ్చేశారన్నమాట," అంది భార్య. ఆమె పోట్లాడి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకి. ఆమె మాత్రం చెప్పులేసుకుని, పదండి పోలీసు స్టేషనుకి అంది.

ఫిర్యాదు రాయించారు. రసీదు తీసుకున్నారు. ఆయన పేరున ఎక్కడెక్కడ అప్పులున్నాయో చూపే నివేదిక తెప్పిస్తే, మోటారుసైకిల్ కాక వాయిదాల మీద కొన్న ఇంకో రెండు ఫోన్లు కూడా తేలాయి. అప్పిచ్చిన కంపెనీలన్నిటికీ విడివిడిగా ఉత్తరాలు రాశారు. ఆయన పేరు మీద ఇక కొత్త అప్పు పుట్టకుండా ఆపించారు. బ్యాంకు రహస్య సంఖ్యలన్నీ మార్చారు. ఇదంతా రెండు గంటల్లో అయ్యే పనే, కానీ వరసల్లో నిలబడటంతో రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు కార్డు కాపీ ఎవరడిగినా మేస్త్రీగారు ముందు ఎందుకని అడుగుతాడు. తప్పదంటే, ఫలానా పనికి మాత్రమే అని తేదీ వేసి కాపీకి అడ్డంగా ఎర్రసిరాతో రాసిస్తాడు. కాగితం పాడుచేశారని గుమాస్తాలు విసుక్కుంటారు.

మొన్న కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. విచారణలో మీ తప్పు లేదని తేలింది, అప్పు రద్దు చేశాం అని. చూస్తే, పేరులో ఓ అక్షరం తప్పు పడింది. పోనిద్దురూ, అప్పు పోయింది చాలంది భార్య. మేస్త్రీగారు ఒప్పుకోలేదు. ఆ పేరుగల వాడొకడు ఎక్కడో ఉండే ఉంటాడనీ, రికార్డులో ఆ తప్పు అలాగే ఉంటే రేపు వీళ్లు అతని గుమ్మంలో నిలబడతారనీ అన్నాడు. తెల్లారి బంకు తెరవకుండా, ఉత్తరం సంచిలో పెట్టుకుని కంపెనీ ఆఫీసుకి బస్సెక్కాడు.